అమ్మ కంచంలోంచి గుడ్డు తీసేసిన మెసేజ్

నాలుగు నెలలుగా మా అమ్మ గుడ్డు ముట్టడం లేదు. పప్పు ఒక్క గరిటె, అదీ బలవంతం మీద. నెత్తళ్ళ ఇగురంటే ప్రాణం పెట్టే మనిషి, పెదజాలరిపేట నుంచి చేపలు తెస్తే వద్దంటోంది. ఏమిటని అడిగితే "ప్రొటీన్ ఎక్కువైతే ఎముకల్లో కాల్షియం కరిగి మూత్రంలో పోతాదట నాన్నా, ఈ వయసులో నాకేటి అవసరం" అంది. ఎవరో ఫోన్‌కి పంపారట. ముందే మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్న మనిషికి!

కోపం ఎందుకంటే, ఆ మెసేజ్‌లో సగం నిజం ఉంది. ప్రొటీన్ పెంచితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. ప్రొటీన్‌లోని గంధకం వల్ల ఆమ్లం తయారవుతుందని, దానికి విరుగుడుగా ఎముక కరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. కానీ ఆ కాల్షియం ఎక్కడిది? 2005లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. 13 మంది ఆడవాళ్ళే, చిన్నదే. రోజుకు 800 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తూ, ప్రొటీన్‌ను మాత్రం కిలో బరువుకు ఒక గ్రాము నుంచి 2.1 గ్రాములకు పెంచి చూశారు. పేగులు పీల్చుకున్న కాల్షియం 18.5 శాతం నుంచి 26.2 శాతానికి పెరిగింది. అంటే మూత్రంలో పోయే అదనపు కాల్షియం చాలావరకు తిండిలోంచి అదనంగా వచ్చిందే. ప్రొటీన్ మరీ తగ్గితే పేగులు పీల్చుకునేదీ తగ్గుతుంది, ఎముకలోంచి కాల్షియాన్ని లాగే పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది. ఎముకకు ప్రమాదం అక్కడ.

అసలు ఎముక అంటే సున్నం ముద్ద కాదు కదా. బరువులో దాదాపు మూడో వంతు సేంద్రియ పదార్థం, అందులో ఎక్కువ భాగం కొలాజెన్ అనే ప్రొటీనే. చువ్వలు లేకుండా స్లాబ్ పోస్తామా?

జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 52 కిలోల మా అమ్మకు 43 గ్రాములు. చారన్నం, మజ్జిగన్నంతో అందులో సగమైనా అందుతుందా? కాల్షియం కూడా తిండిలో ఉండాలి, అది లేకుండా ప్రొటీన్ ఒక్కటే ఏం చేస్తుంది? పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగితే వంద గ్రాముల పిండికి 350 మిల్లీగ్రాముల పైనే కాల్షియం వస్తుంది. నెత్తళ్ళను ముల్లుతో సహా నమిలేస్తాం, ఆ ముల్లులో కాల్షియం బాగా ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు డాక్టర్ చెప్పినట్టే తినాలి. మా అమ్మకు ఆ జబ్బు లేదు, పరీక్షలు చేయించాం.

ఇదంతా రెండు రోజులు కూర్చుని చెప్పాను. ఆదివారం నెత్తళ్ళు తెచ్చాను. తలలు గిల్లి ఇగురు పెట్టింది. చాలా రోజుల తర్వాత తనూ కంచంలో వేసుకుంది.