కీ.శే. నేనే

ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను: నేను పోలేదు. దేవరకొండలో ఎరువుల దుకాణం ఎప్పటిలాగే తెరిచే ఉంది, యూరియా దొరకనివాళ్లు ఎప్పటిలాగే నన్నే తిడుతున్నారు. మొన్నటి మా క్లబ్బు సదస్సు ఫేస్‌బుక్ లైవ్ చూసి పరామర్శకు బయల్దేరిన నకిరేకల్ బంధువులు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగి వెనక్కి తిరగాలని మనవి.

నేనొక సేవా క్లబ్బులో కోశాధికారిని. ఏ క్లబ్బు అని అడగొద్దు, ఇప్పటికే జరిగింది చాలు. రోటరీ 1905లో, లయన్స్ 1917లో, రెండూ అమెరికాలో షికాగోలోనే పుట్టాయి. ఆ ఊరి నీళ్లలో ఏముందోగానీ, ఆ బాటలోనే మన దగ్గరా బోలెడు క్లబ్బులు వచ్చాయి. మాదీ అలాంటిదే అనుకోండి. జూలై 1న కొత్తవాళ్లు పదవిలోకి వస్తారు, జూన్ 30న దిగిపోతారు, మధ్యలో రీజియన్ సదస్సు అని పెట్టి ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు. కంటి శిబిరాలు, చలివేంద్రాలు, బడిపిల్లలకు నోటుపుస్తకాలు, ఇవన్నీ కూడా చేస్తాం, అబద్ధమెందుకు. కానీ ఫోటోలు ఎక్కువ పడేది శాలువాల దగ్గరే. ఈసారి సదస్సు మహబూబ్‌నగర్‌లో, గవర్నర్ వస్తున్నారు అన్నారు. గవర్నర్ అంటే రాష్ట్ర గవర్నర్ కాదు, ఏడాదికొకరు మారే మా డిస్ట్రిక్ట్ గవర్నర్. ఆ తేడా తెలియక మా అమ్మ నాకు పెళ్లినాటి సూటు బయటికి తీయించింది.

సదస్సుకు నెల ముందే నిర్వాహకులు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. వచ్చే ప్రతినిధుల పేర్లు, పుట్టినతేదీలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఒక పట్టికలో పంపాలట, ఈ ఏడాది కాలం చేసిన సభ్యుల వివరాలు ఇంకో పట్టికలో పంపాలట. మా కార్యదర్శి మెడికల్ షాపు కుర్రాడు, చీటీ చూసి మందులిచ్చే అలవాటున్నవాడు, రెండు పట్టికలూ వేర్వేరుగా, పైన పేర్లు పెట్టి మరీ పంపాడు. స్క్రీన్‌షాట్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఫోటో గురించి కొంచెం చెప్పాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండే కావాలి, సెల్ఫీలు పనికిరావు అని గ్రూపులో రోజూ హెచ్చరికలు. సరే అని స్టూడియోకు పోయాను. ఆ పిల్లవాడు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తించి, నవ్వొద్దన్నాడు. తర్వాత కంప్యూటర్‌లో నా చెంప మీద పులిపిరి తీసేశాడు, తల మీద కొంచెం వెంట్రుకలు కలిపాడు, ముఖానికి ఒక దివ్యమైన తెలుపు ఎక్కించాడు. ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగనే ఉందిగానీ, పటం కట్టించేటట్టు ఉన్నది" అంది. ఆమె నోటికి నేను ఎప్పుడూ భయపడతాను, ఊరికే కాదు.

ఆదివారం పొద్దున్నే డాక్టర్ సాబ్ కారులో బయల్దేరి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా చేరాం. డాక్టర్ సాబ్ అంటే మా అధ్యక్షుడు. గవర్నర్ గారికి ఇవ్వడానికి డిక్కీలో ఒక బుట్ట నిండా బత్తాయిలు పెట్టుకున్నాం, నల్గొండ జిల్లా నుంచి ఉత్తచేతులతో పోతే బాగుండదని.

రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరే నాకు అనుమానం రావలసింది. అందరికీ రంగుల ఫోటోతో బ్యాడ్జీలు, నాకు మాత్రం అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసిచ్చారు, అదీ ఇంటిపేరు తప్పుగా. "నా ఫోటో ఏదమ్మా?" అంటే, "మీ ఫోటో వేరే ఫోల్డర్‌ల ఉంది సార్, స్క్రీన్ మీద వస్తది" అంది ఆ అమ్మాయి. పెద్ద తెర మీద వస్తుందంటే ఉత్తమ కోశాధికారి అవార్డేమో అనుకుని లోపల్లోపల మురిసిపోయాను. ఈలోగా ఆ అమ్మాయే ఇంకో బ్యాడ్జీ తీసి, "మీ క్లబ్బుదే సార్, ఈ పెద్దసారు ఇంకా రాలేదు, ఆయన కిట్టు మీరే తీసుకపోండి" అని సంచి, భోజనం కూపను నా చేతిలో పెట్టింది. చూస్తే మా హెడ్‌మాస్టర్ సార్. చక్కటి రంగుల ఫోటో, కింద 'ప్రతినిధి' అని. సార్ సంక్రాంతి దాటాక పోయారు.

ఆయన గురించి నవ్వుతూ రాయలేను. క్లబ్బులో సగం మందికి చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మనిషి. కళ్లు దానం చేస్తానని ముందే రాసిపెట్టారు. పోయిన ఆరు గంటల లోపు కార్నియా తీయాలి కాబట్టి, ఆ రాత్రి ఇంట్లో ఫ్యాను ఆపి, కళ్ల మీద తడిగుడ్డ వేసి, మేమందరం గడియారం చూసుకుంటూ రోడ్డు మీద టీము కోసం నిలబడ్డాం, వాళ్లు టైముకు వచ్చారు. అర్ధరాత్రి అంత పని గంటల్లో జరిగింది. వీళ్లు నెలరోజులు చేతిలో పెట్టుకుని ఒక ఫోటో సరైన చోట పెట్టలేకపోయారు. డాక్టర్ సాబ్ ఆ బ్యాడ్జీ తీసుకుని జేబులో పెట్టుకుని, "ఏదో పొరపాటు, సభ అయినంక చెప్దాం" అన్నాడు. డాక్టర్ కదా, ఏదైనా తర్వాత చూద్దాం అనేస్తాడు.

గంట కొట్టడం, జ్యోతి వెలిగించడం, వేదిక మీదికి పిలవడం... ఆ పిలవడం ఉంది చూశారూ, మాజీలు, మాజీల కంటే పాత మాజీలు, కాబోయేవాళ్లు, అందరినీ బిరుదులతో సహా పిలిచేసరికి వేదిక మీదే కింద కంటే ఎక్కువ మంది తేలారు. అది వదిలేయండి.

"ఇప్పుడు మనల్ని విడిచి వెళ్లిన మిత్రులకు నివాళి" అన్నాడు వ్యాఖ్యాత, గొంతు తగ్గించి. లైట్లు ఆర్పారు. సన్నాయి పెట్టారు. వెనక ఎల్‌ఈడీ తెర మీద ఒక దీపం రెపరెపలాడుతూ వచ్చింది, దాని పక్కన ఫోటోలు ఒక్కొక్కటిగా. వనపర్తి నుంచి ఒక పెద్దాయన. ఆ తర్వాత అచ్చంపేట నుంచి ఇంకొకాయన. ఆ తర్వాత నేను.

ఎంత పెద్దగా ఉన్నానంటే, నా ముక్కే మా దుకాణం షట్టరంత ఉంది. మెడలో బంతిపూల దండ, అది దానంతటదే ఊగుతోంది. కింద 'కీ.శే.' అని, నా పేరు, ఈసారి ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా. బ్యాడ్జీ మీద రాని ఇంటిపేరు అక్కడ ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు. పుట్టినతేదీ కూడా కరెక్టే, పట్టికలో నేనిచ్చిందే. దాని పక్కన ఒక చిన్న గీత పెట్టి, పోయిన తేదీ ఖాళీగా వదిలేశారు. తెలియని సంగతి రాయకూడదన్న మర్యాద వాళ్లకుంది.

"అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాను."

లేచాను. ఏం చేయమంటారు? కూర్చుంటే ముందు వచ్చిన ఆ ఇద్దరు పెద్దమనుషులను అవమానించినట్టు. నిలబడితే నాకు నేనే సంతాపం తెలుపుకున్నట్టు. చేయి ఎత్తి "అయ్యా నేను ఇక్కడే ఉన్నాను" అందామంటే మౌనం మొదలైపోయింది, మౌనంలో అరవడానికి మనసు రాలేదు. పైగా డాక్టర్ సాబ్ వైపు చూస్తే ఆయన కళ్లు మూసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తెర మీద ఎవరున్నారో చూడనే లేదు.

తర్వాత వెతికితే తెలిసింది, ఈ రెండు నిమిషాల మౌనం బ్రిటన్‌లో 1919 నవంబర్ 11న, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన ఏడాదికి, ఐదో జార్జి రాజు పిలుపుతో పాటించారట. మన దగ్గరా ఏటా జనవరి 30న పదకొండు గంటలకు అమరవీరుల కోసం పాటిస్తారు. కానీ మామూలుగా మన సభల్లో రెండు నిమిషాలంటే ముప్పై నలభై సెకన్లు, ఎవరో దగ్గుతారు, ఇంకెవరో కుర్చీ లాగుతారు, దాంతో అయిపోయినట్టే. ఆ రోజు మాత్రం ఆ వ్యాఖ్యాత, ఇల్లు బంగారంగానూ, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నిలబడ్డాడు. పొద్దుట్నుంచీ టైము అనే మాటే ఎరగనివాళ్లు నా మౌనం దగ్గర మాత్రం సెకన్లు లెక్కపెట్టారు. సభ రెండు గంటలు ఆలస్యంగా మొదలైందని ఇక్కడే చెప్పుకోవాలి.

నా పక్కన గద్వాల నుంచి వచ్చిన ఒకాయన. తెర వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ తెర వైపు చూసి, నా చెంప మీది పులిపిరి దగ్గర ఆగి, నా చెవి దగ్గరికి వంగి, "మీ అన్ననా?" అన్నాడు మెల్లగా.

మాట్లాడకూడదు కదా. తల ఊపాను.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా భుజం మీద చేయి వేసి గట్టిగా నొక్కి, అలాగే పట్టుకున్నాడు. ఆ చేయి బరువుగా ఉంది, వెచ్చగా ఉంది, అందులో ఏ వేషమూ లేదు, అదే నాకు ప్రాణం మీదికి వచ్చింది. దీపం రెపరెపలాడుతోంది, దండ ఊగుతోంది. ఇదే ఊళ్లో పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్కచుక్కగా మందెక్కించి నిలబెట్టుకున్నారు. ఏడువందల ఏళ్లంటున్న చెట్టుకు అంత సేవ జరిగింది, యాభై కూడా దాటని నాకు ఒక ఫోన్ చేసి "ఉన్నారా?" అని అడిగినవాడు లేడు.

జేబులో ఫోన్ వణకడం మొదలైంది. మామయ్య. ఆయన నకిరేకల్‌లో కూర్చుని లైవ్ చూస్తారని నాకు తెలుసు, ఎందుకంటే చూడమని లింకు పంపింది నేనే, అల్లుడికి శాలువా కప్పుతారని. ఆగింది. మళ్లీ వణికింది. ఈసారి మా ఆవిడ.

మౌనం అయిపోగానే బయటికి పరుగెత్తి నేను బతికున్నానని మా ఆవిడకు చెప్పాను. "తెలుసు, పొద్దున స్కూటీ తాళం చెవి జేబుల ఏసుకపోయినవు, అది యాడ పెట్టినవో అడుగుదామని చేసిన" అంది. మామయ్య సంగతి వేరే, అదొక పెద్ద కథ.

మళ్లీ లోపలికి వచ్చేసరికి అవార్డులు నడుస్తున్నాయి. "ఉత్తమ కోశాధికారి, దేవరకొండ..." అని నా పేరు చదివి వ్యాఖ్యాత ఆగిపోయాడు. చేతిలో ఉన్న రెండు కాగితాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాడు. ఇప్పుడైనా సరిచేస్తాడనుకున్నాను. ఆయన గొంతు మళ్లీ తగ్గించి, "ఈ పురస్కారాన్ని మరణానంతరం ప్రకటిస్తున్నాం. వారి తరఫున కుటుంబ సభ్యులెవరైనా వేదిక మీదికి రావలసిందిగా..." అన్నాడు.

"పోవయ్యా, మీ అన్న కోసం పోయి తీసుకో" అని గద్వాల ఆయన నన్ను లేపి ముందుకు తోశాడు. హాలంతా లేచి నిలబడింది. నా జన్మలో నాకు అంతమంది లేచి చప్పట్లు కొట్టడం అదే మొదలు. వేదిక మీద గవర్నర్ గారు శాలువా కప్పుతూ, నా రెండు చేతులూ పట్టుకుని, "చాలా మంచి మనిషి, నాకు బాగా కావలసినవాడు" అన్నారు. మేం అంతకుముందు ఒకరినొకరు చూసుకున్నది ఆ పొద్దున బత్తాయిల బుట్ట ఇచ్చినప్పుడే, అదీ ఆయన బుట్ట వైపు చూశారు.

"థాంక్యూ సార్, మా అన్న మీ గురించి చాలా చెప్పేవాడు" అన్నాను. మైకు ఆన్‌లోనే ఉంది.

భోజనంలో బగారన్నం, గుత్తొంకాయ, డబుల్ కా మీఠా. డాక్టర్ సాబ్ నవ్వలేక, నవ్వు ఆపుకోలేక పళ్లెంతో సహా స్తంభం వెనక్కి పోయాడు. హెడ్‌మాస్టర్ సార్ కూపను ఎవరం వాడలేదు. సార్ పేరు మాత్రం ఆ సభలో ఒక్కసారి కూడా ఎవరూ పలకలేదు. సాయంత్రం నిర్వాహకులను అడిగితే, పట్టికలో ఒక వరుస కిందికి జరిగిందట, సావనీరులో సవరణ వేస్తారట, దానికి నా కొత్త ఫోటో ఒకటి పంపాలట, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో.

ఇవాళ పొద్దున గ్రూపులో ఇంకో మెసేజ్ వచ్చింది. దేవరకొండ క్లబ్ నుంచి ఇద్దరి డెలిగేట్ ఫీజు బాకీ ఉందట, వెంటనే కట్టాలట. పేర్లు చూస్తే ఒకటి హెడ్‌మాస్టర్ సార్‌ది, ఒకటి నాది. పోయినవాళ్లకు ఏమైనా రాయితీ ఉందా అని అడిగాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.