చెక్క తలుపుకు అవతల క్వేకర్ స్త్రీల చదువు

క్వేకర్లు పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. క్వేకర్ స్త్రీల చదువు అనగానే అందరూ బడుల లెక్క తీస్తారు. ఆ శాఖ స్థాపకుడు జార్జ్ ఫాక్స్ 1668లో లండన్ పక్కన షాకిల్‌వెల్‌లో ఆడపిల్లల బడి పెట్టించాడు. 1779లో యార్క్‌షైర్‌లో తెరిచిన యాక్‌వర్త్ బడి మగపిల్లలతో పాటు ఆడపిల్లలనూ చేర్చుకుంది. మెచ్చుకోవలసిందే. కానీ అసలు చదువు సంఘం వ్యవహారాలు తేల్చే నెలవారీ మీటింగులో జరిగిందని నా అభిప్రాయం.

ఆరాధన రోజున స్త్రీపురుషులు ఒకే హాల్లో మౌనంగా కూర్చునేవారు. పాస్టర్ ఉండేవాడు కాదు. లోపలినుంచి మాట తోస్తే స్త్రీ అయినా లేచి చెప్పవచ్చు. ఈ హక్కును సమర్థిస్తూ తొలితరం క్వేకర్ మార్గరెట్ ఫెల్ 1666లో, జైల్లో ఉండగానే, ఒక పుస్తకం ప్రచురించింది. అయితే నోటికొచ్చింది చెప్పడం కాదు. ఈ మాట దేవుడు పలికిస్తున్నదా, నా గొప్ప కోసం వస్తున్నదా అని ముందు తనే తేల్చుకోవాలి. తేల్చుకోలేని వాళ్లను పెద్దలు పక్కకు పిలిచి మందలించేవారు.

వ్యవహారాల వేళకు మాత్రం హాలు మధ్య చెక్క తలుపులు మూసేసేవారు. అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు. పెళ్లి చేసుకోదలచిన జంట రెండు నెలల మీటింగుల్లో ఆ మాట ప్రకటించాల్సి ఉండేది. ఈ మధ్యలో ఇద్దరు స్త్రీలు విచారణకు వెళ్లేవారు: అమ్మాయి ఇంకెవరికైనా మాట ఇచ్చిందా, ఇంటి పెద్దలు ఒప్పుకున్నారా, వితంతువైతే మొదటి భర్త పిల్లల ఆస్తికి ఏర్పాటు ఉందా? తెలిసింది వచ్చే నెల మీటింగుకు చెప్పాల్సి ఉండేది.

అన్నిటికన్నా కష్టం మీటింగు నడిపే క్లర్క్ పని; ఆడవాళ్ల వైపు అదీ స్త్రీయే చేసేది. ఓట్లు ఉండవు. అందరి మాటా విని, మీటింగు ఏ వైపు మొగ్గిందో పట్టుకుని, అక్కడికక్కడే తీర్మానం రాసి చదివి వినిపించాలి. కాదంటే మళ్లీ రాయాలి, లేదా వచ్చే నెలకు వాయిదా. తన ఇష్టాన్నే మీటింగు మాటగా రాసే క్లర్క్‌తోనే చిక్కు. గట్టి పేరున్న ఇద్దరు మాట్లాడగానే మిగతావాళ్లు నోరు మెదపకపోతే, ఆ మౌనాన్ని అంగీకారమనుకునే ప్రమాదమూ ఉంది.

ఈ చదువుకు ఒక గోడ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని నైన్ పార్ట్‌నర్స్ బడిలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఫీజు ఒకటే, టీచర్లయ్యాక జీతాలు మాత్రం ఒకటి కావని, తర్వాత స్త్రీల హక్కుల కోసం పోరాడిన క్వేకర్ లుక్రేషియా మాట్ అక్కడే గమనించింది. 1848లో అదే రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీల హక్కుల సభకు పిలుపునిచ్చిన ఐదుగురిలో ఆమె ఒకరు. నలుగురిది క్వేకర్ నేపథ్యమే. అయినా రెండో రోజు ఉదయం స్త్రీపురుషులు కలిసి కూర్చున్నప్పుడు అధ్యక్షత ఆమె భర్త జేమ్స్‌దే. రెండు వారాలకు రోచెస్టర్‌లో జరిగిన అలాంటి సభకే అబిగైల్ బుష్ అనే స్త్రీని అధ్యక్షురాలిగా ప్రతిపాదిస్తే లుక్రేషియా మాట్ కూడా అభ్యంతరం చెప్పింది. సభ ఆగలేదు, బుష్ నడిపించింది. తలుపులు మూసిన గదిలో స్త్రీలు తరతరాలుగా చేస్తున్న పనే అది.