తీన్మార్ మనదైతే ఏసీ గార్డ్స్ ఎవరిది?

ఫిబ్రవరి వచ్చిందంటే అమెరికా బడుల్లో నల్లజాతి చరిత్ర మాసం మొదలవుతుంది. 1926లో చరిత్రకారుడు కార్టర్ వుడ్‌సన్ ఒక వారం వేడుకగా మొదలుపెట్టింది 1976 నుంచి నెలంతా సాగుతోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన పిల్లలు నల్లజాతి హక్కుల కోసం పోరాడిన రోసా పార్క్స్ మీద ప్రాజెక్టులు చేస్తుంటే అమ్మానాన్నలు పక్కన కూర్చుని చార్టులు అతికిస్తారు. సంతోషమే. కానీ వాళ్లలో చాలామంది చదువుకుని వెళ్లిన హైదరాబాద్‌కూ ఒక ఆఫ్రికన్ చరిత్ర ఉంది. మాసబ్‌ట్యాంక్ పక్కనే, ఏసీ గార్డ్స్ బస్తీలో, ఆ చరిత్ర తాలూకు మనుషులు ఇప్పటికీ ఉన్నారు. ఈ నగరం వాళ్లను గుర్తుచేసుకుని ఏటా ఒక పండగ జరపాలి, అదీ సర్కారు ఖర్చుతో.

ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి రాజా రామేశ్వరరావు పెంచిన ఆఫ్రికన్ దళం 19వ శతాబ్దంలో నిజాం సైన్యంలో చేరింది. ఊరేగింపుల్లో నిజాం వెంట గుర్రాల మీద సాగింది వీళ్లే. 1948 పోలీసు చర్య తర్వాత దళం రద్దయింది, దళం ఉన్న లైన్లు బస్తీగా మిగిలాయి. ఇలా ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లను, వాళ్ల సంతతిని మన దగ్గర సిద్దీలు, హబ్షీలు అంటారు. హబ్సిగూడ, సిద్ది అంబర్ బజార్ పేర్లు కూడా ఈ చరిత్రలోవే. ఇంకా వెనక్కి వెళ్తే దక్కన్ మొత్తంలో వీళ్ల అడుగులు కనిపిస్తాయి. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించే స్థాయికి ఎదిగిన మాలిక్ అంబర్ జహంగీర్ సైన్యాలను ఏళ్ల తరబడి నిలువరించాడు. తర్వాత ఔరంగాబాద్ అయిన ఖిర్కీ నగరాన్ని 1610లో కట్టించింది కూడా ఆయనే. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి, అక్కడే ఆగను.

నాకు ముఖ్యం మర్ఫా. సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు ఈ నగరంలో కలిసి పెంచిన వాద్యం అది. డఫ్‌లు, మర్ఫా డోలు, వాటికి తోడు కర్రలతో వాయించే స్టీలు బిందెలు. ఆ మోత మొదలైతే కాళ్లు ఆగవు. పాతబస్తీ నికాహ్ బారాత్‌లో అదే, గణేశ్ నిమజ్జనంలో అదే, బోనాల ఊరేగింపులో అదే, ఎన్నికల్లో నామినేషన్ వేయడానికి వెళ్లే నాయకుడి ముందూ అదే. మనమంతా తీన్మార్ అని పిలుచుకునే దరువు మర్ఫా దరువుల్లో ఒకటి. ఈ రాష్ట్రంలో హిందువూ ముస్లిమూ కులంతో పని లేకుండా ఒకే తాళానికి ఊగేది బహుశా ఇక్కడే. సినిమాకు ఆ పేరు పెట్టుకున్నాం, టీవీ వార్తలకు పెట్టుకున్నాం. ఇంత ఇచ్చిన ఏసీ గార్డ్స్ కళాకారుడికి ఏం దక్కింది? పెళ్లిళ్ల సీజన్‌లో నాలుగు రోజుల కిరాయి. ఆ తర్వాత ఏదో ఒక చిన్న పని వెతుక్కోవడం.

హలీం సంగతి చూడండి. అదీ అరబ్బు సైనికుల వెంట వచ్చిందే. 2010లో దానికి ఈ ఊరి సొత్తేనని చెప్పే జీఐ ట్యాగ్ తెచ్చుకున్నాం, రంజాన్ వస్తే ప్రపంచమంతా చాటుకుంటాం. నోటికి రుచి ఇచ్చినదానికి అంత గౌరవం ఇచ్చినవాళ్లం, ఒంట్లో ఊపు పుట్టించినదాన్ని ఎందుకు గాలికి వదిలేశాం? నాకు తోచే కారణం చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది. ఒంటి రంగు. పెళ్లి ప్రకటనలో 'తెల్లని అమ్మాయి' అని రాసుకునే సమాజం మనది. చదువుకోవడానికి వచ్చిన ఆఫ్రికన్ విద్యార్థికి ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడే సమాజం కూడా. అలాంటిచోట నల్లటి మనుషుల చరిత్ర మనదని ఒప్పుకోవడానికి నోరు రాదు.

వాళ్లు ఎప్పుడో హైదరాబాదీల్లో కలిసిపోయారు, ఇప్పుడు వేరుచేసి చూపించడం దేనికి అనేవాళ్లున్నారు. నిజాం సైనికులకు పండగేమిటని ఇంకొందరు అడుగుతారు. నిజాం కాలంలో సైన్యంగా వచ్చిన సిక్కులు ఇక్కడే స్థిరపడ్డారు, వాళ్ల పండగలను ఎవరూ తప్పుపట్టరు. కలిసిపోవడానికీ కనుమరుగవడానికీ తేడా ఉంది. ఉత్తర కన్నడ సిద్దీలకు 2003లో ఎస్టీ గుర్తింపు వచ్చింది, 2020లో వాళ్ల మనిషి శాంతారాం సిద్ది కర్ణాటక శాసనమండలిలో అడుగుపెట్టారు. గుజరాత్ సిద్దీ మహిళ హీరాబాయి లోబీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. దాంతో ఎవరూ ఎవరికీ దూరం కాలేదు. మన దగ్గర 2007లో వెనకబడిన ముస్లింల కోసం పెట్టిన బీసీ-ఈ జాబితాలో సిద్దీ, హబ్షీ పేర్లు చేర్చారు. ఆ తర్వాత వాళ్ల కళ గురించి పట్టించుకున్నది తక్కువ.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. మన లెక్కలో వారసత్వమంటే రాళ్లు, గోపురాలు, షాండ్లియర్లు. చౌమహల్లా ప్యాలెస్‌ను బాగుచేస్తే 2010లో యునెస్కో అవార్డు వచ్చింది, గర్వపడ్డాం. మంచి పనే, కాదనను. కానీ ఆ కొలువుకు కాపలా కాసినవాళ్ల మనవళ్లు ఎలా బతుకుతున్నారో ఏ టూరిస్టు గైడూ చెప్పడు. ఖిల్లా కట్టిన వడ్డెర కూలీదీ అదే గతి. తెలంగాణ వచ్చాక డప్పుకు, ఒగ్గుకథకు, గోండుల గుస్సాడీ నృత్యానికి కొంత గౌరవం దక్కింది. గుస్సాడీ కనకరాజుకు 2021లో, కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీలు వస్తే రాష్ట్రమంతా పొంగిపోయింది. ఉద్యమం తెచ్చిన ఆ చూపు మాసబ్‌ట్యాంక్ దాకా ఎందుకు రాలేదన్నదే నా బాధ.

ఇప్పుడు సమయం కూడా అనుకూలంగా ఉంది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ ఖాళీలోకి మర్ఫాను తీసుకురావచ్చు. భాషా సాంస్కృతిక శాఖ ఏటా ఫిబ్రవరిలో ఏసీ గార్డ్స్‌లోనే మర్ఫా ఉత్సవం పెట్టాలి. ఆ బస్తీ పెద్దల మాటలను ఇప్పుడే రికార్డు చేయాలి, ఎందుకంటే దళం రోజులను కళ్లారా చూసినవాళ్లు ఇక ఎక్కువమంది మిగలరు. ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రంలో రెండు పేజీలు చాలు. ఉత్సవ కమిటీలో సగానికి పైగా ఆ బస్తీ వాళ్లే ఉండాలి. వాయించినవాళ్లకు ఇచ్చేది శాలువా, మెమెంటోతో సరిపెట్టకుండా సరైన పారితోషికమే ఇవ్వాలి, అదీ కార్యక్రమం ముగిసిన రోజే.