బుడ్డల మూటలో తేమ, కాలేయంలో ఆరని మంట

అనంతపురం పల్లెల్లో బుడ్డలు (వేరుశనగ) ఒలిచే మిషన్ల దగ్గర ఒక అలవాటు ఉంది. కాయ మరీ ఎండితే పప్పు బద్దలవుతుందని, మిషన్‌లో పోసే ముందు నీళ్లు చల్లుతారు. బద్ద కాని పప్పుకు ధర పలుకుతుంది, కాదనలేం. కానీ తేమను 8 శాతం లోపుకు దించడానికి రోజుల తరబడి ఎండబెట్టిన కష్టమంతా ఆ ఒక్క బకెట్టుతో పోతుంది. తడిసిన పప్పును అలాగే సంచుల్లో కుట్టేస్తే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పడుతుంది. అది వదిలే విషమే కాలేయ క్యాన్సర్ తెచ్చే అఫ్లాటాక్సిన్.

దీన్ని మనం ఎగుమతి గొడవగానే చూస్తున్నాం. ఐరోపాలో నేరుగా తినే పప్పులో ఈ విషం కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు కాబట్టి, తిరిగొచ్చిన సరుకు గురించి చర్చ జరుగుతుంది. మన రోట్లో ఊరుబిండి అయ్యే పప్పు గురించి జరగదు. జరగాలి. ఎందుకో కాలేయం లోపలికి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

అఫ్లాటాక్సిన్‌ను విరిచే ప్రయత్నంలో కాలేయమే దాన్ని మరింత చురుకైన రూపంలోకి మారుస్తుంది. ఆ రూపం డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కు అతుక్కుంటుంది. కణం ఊరికే ఉంటే మరమ్మతుకు వ్యవధి దొరుకుతుంది. మరమ్మతు కాకముందే రెండుగా చీలితే ఆ తప్పు శాశ్వతం. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువులో 249వ కోడాన్‌లో, అంటే 249వ మూడక్షరాల మాటలో, కనిపించే మార్పు ఈ విషం వేసిన ముద్రే. కాబట్టి ఎంత విషం తిన్నామన్నదొక్కటే లెక్క కాదు. ఆ సమయంలో కాలేయ కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయన్నదీ చూడాలి. ఆ జోరు పెంచేది ఇన్‌ఫ్లమేషన్, అంటే దెబ్బకో వైరస్‌కో స్పందించి మన రోగనిరోధక వ్యవస్థ రేపే మంట.

ఇక్కడ శాస్త్రవేత్త మైకేల్ కారిన్ పరిశోధన గుర్తు చేసుకోవాలి. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ గుర్తించిన ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ ఇన్‌ఫ్లమేషన్ జన్యువులను మేల్కొలుపుతుంది. దాని స్విచ్ ఐకేకే-బీటా అనే ఎంజైమ్. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కారిన్ బృందం ఎలుకల పేగు పొర కణాల్లో ఆ స్విచ్ తీసేస్తే పెద్దపేగు గడ్డలు బాగా తగ్గాయి. అది 2004. మరుసటేడు కాలేయ కణాల్లో అదే స్విచ్ తీసేసి, క్యాన్సర్ తెచ్చే రసాయనం ఎక్కిస్తే గడ్డలు పెరిగాయి! స్విచ్ లేని కణాలు రసాయనానికి తట్టుకోలేక ఎక్కువగా చచ్చాయి. ఆ చావును పక్కనున్న కుప్ఫర్ కణాలు (కాలేయంలో కాపలా కాసే రోగనిరోధక కణాలు) పసిగట్టి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతాలు వదిలాయి. లోటు పూడ్చడానికి మిగిలిన కణాలు, దెబ్బతిన్న డీఎన్ఏతోనే, విభజనకు దిగాయి. కుప్ఫర్ కణాల్లోనూ స్విచ్ తీసేసినప్పుడు గడ్డలు తగ్గాయి.

ఒకే స్విచ్, పేగులో ఒక ఫలితం, కాలేయంలో ఇంకొకటి. ఇది తెలిశాక కూడా ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు అమ్మడం జనాన్ని మోసగించడమే. ఏ అవయవంలో, ఏ కణంలో పెంచుతారు?

హెపటైటిస్-బి సంగతి ఈ వెలుగులో చూడాలి. ఆ వైరస్ నేరుగా కాలేయ కణాలను పెద్దగా చంపదు. వైరస్ చేరిన కణాలను మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలే చంపుతాయి, పూర్తిగా తుడిచెయ్యలేక ఏళ్లపాటు చంపుతూనే ఉంటాయి. అంటే చావు, లోటు, విభజన ఆగవు. దానికి బూజు విషం తోడైతే ఏమవుతుందో షాంఘైలో 18 వేలకు పైగా పురుషులపై జరిగిన అధ్యయనం 1994లో చూపింది. కాలేయ క్యాన్సర్ ముప్పు విషం ఒక్కటే ఉన్నవారిలో 3.4 రెట్లు, వైరస్ ఒక్కటే ఉన్నవారిలో 7.3 రెట్లు, రెండూ ఉన్నవారిలో 59 రెట్లు.

పుట్టినప్పుడు సోకితే పదిమందిలో తొమ్మిది మందికి వైరస్ జీవితాంతం ఉండిపోతుంది. అందుకే మొదటి టీకా 24 గంటల్లోపు పడాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన ఈ మందు గడ్డకడితే పనికిరాదు. ఐస్‌ప్యాక్‌కు ఆనించి పెడితే జరిగేది అదే. దేశమంతటా ఈ టీకా వచ్చింది 2011లో కాబట్టి, అంతకుముందు పుట్టిన రైతులు, కూలీల్లో చాలామందికి రక్షణ లేదు. వాళ్లకు ఒంట్లో ఈ వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష ఒక్కసారి చాలు. పాజిటివ్ వస్తే, అవసరమైనవారికి 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం.

చేలో చేయాల్సింది ఇంకా ఉంది. కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే బూజు మట్టిలోనే పడుతుంది. అలా ముందే ఎండిన మొక్కల కాయను, పీకాక నేలలో ఏరుకున్న కాయను విడిగా పెట్టాలి. పీకిన మొక్కను కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఆరబెట్టాలి. చెవి దగ్గర ఊపితే కాయ గలగలమనాలి, పప్పు నలిపితే పొర ఊడాలి. మూటలు చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చాలి. మిషన్‌లో పప్పు బద్దలవుతుంటే నీళ్లు కాదు, కాయ సైజుకు తగ్గ జల్లెడ మార్చాలి. నల్లబడిన, ముడతపడిన పప్పును వేయిస్తే సరిపోతుందనుకోవద్దు, విషం పూర్తిగా పోదు. దాన్ని గానుగకు పంపడం ఇంకో తప్పు. విషంలో ఎక్కువ భాగం నూనె తీశాక వచ్చే చెక్కలో మిగిలి, అది తిన్న ఆవు పాలలోకి అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలో వస్తుంది.

వ్యవసాయ శాఖ బూజు గురించి, వైద్య శాఖ వైరస్ గురించి వేర్వేరుగా చెబుతున్నాయి. బుడ్డలు పీకే నెలలో రైతు సేవా కేంద్రం దగ్గర తేమ కొలిచే మీటరు పక్కనే ఒక ఏఎన్ఎం హెచ్‌బీఎస్ఏజీ కిట్లతో కూర్చుంటే, రెండు పనులూ ఒకే పూటలో అయిపోతాయి.