పాత ల్యాప్‌టాప్ ఉండగా రాస్ప్‌బెర్రీ పై ఎందుకు?

ఇంట్లో ఫొటోల సర్వర్ (ఫొటోలు దాచి, ఫోన్లకు చూపించే కంప్యూటర్) పెట్టుకోవడానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొనమన్నారు నేను చదివిన ఒక వ్యాసంలో. నా లెక్క వేరు. 2012లో అది 35 డాలర్లకు వచ్చినప్పుడైతే ఆ మాట సబబే. ఇప్పుడు బోర్డు, అడాప్టర్, కేసు, ఎస్ఎస్‌డీ అన్నీ కలిపితే సెకండ్‌హ్యాండ్ మినీ పీసీ ధర దాకా వస్తుంది. అటక మీద పాత ల్యాప్‌టాప్ ఉంటే అదీ అక్కర్లేదు. కరెంటు పోయినా బ్యాటరీ కాసేపు ఆదుకుంటుంది (ఉబ్బిందేమో అప్పుడప్పుడూ చూడండి, ఉబ్బితే తీసేయాల్సిందే). బిల్లు గురించి టెన్షన్ వద్దు: 15 వాట్లు లాగే మెషీన్ నెలంతా ఆపకుండా నడిచినా సుమారు 11 యూనిట్లే.

ఆ వ్యాసం అసలు ఎత్తని చిక్కు సీజీనాట్. అంటే, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో కనబడే చిరునామాను) ఎందరికో పంచుతుంటాయి. మీ రూటర్‌కు బయటి వైపు వచ్చిన ఐపీ 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెల్లో దేనితోనైనా మొదలైతే, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాటిని ఇంటి సర్వర్‌కు పంపమని రూటర్‌లో పెట్టే సెట్టింగ్) ఎంత చేసినా బయటి నుంచి ఇంటి సర్వర్ కనబడదు. అందుకే నేను టెయిల్‌స్కేల్ పెట్టుకున్నాను, మన పరికరాలను ఎక్కడున్నా ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే యాప్. అది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడుస్తుంది, రూటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. ఊళ్లో అమ్మ ఫోన్‌లోనూ వేశాను, మనవడి ఫొటోలు ఇమ్మిచ్‌లో (సొంత సర్వర్‌లో ఫొటోలు పెట్టుకునే యాప్) చూసుకుంటోంది.

ఇంకొకటి, రెయిడ్ (ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే ఏర్పాటు) ఉంటే బ్యాకప్ అక్కర్లేదన్నట్టు ఆ వ్యాసంలో రాశారు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది కదండీ! ఒక కాపీ వేరే ఇంట్లో ఉండాలి. మాది బావగారింట్లో హార్డ్‌డిస్క్‌లో ఉంది, పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్తవి ఎక్కిస్తాను.