ధర మాత్రం ముట్టుకోకండి

కూలడానికి సిద్ధంగా ఉన్న కమ్యూనిస్టు రాజ్యాన్ని ఎలా బాగుచేయాలో ఆర్థికవేత్తలు నానా రకాలుగా చెబుతారు. వాళ్ల మాట పట్టించుకోకండి. 1985 మార్చి నుంచి 1991 డిసెంబరు దాకా ఈ పనిని ఒక్క మెట్టు తప్పకుండా చేసి చూపించిన సోవియట్ యూనియన్ ఉండగా వాళ్లెందుకు? ఆ దేశం పాటించిన సూత్రం ఒక్కటే: అన్నీ మార్చు, ధర జోలికి మాత్రం పోకు.

మొదట ఖజానాకు చిల్లు పెట్టుకోవాలి. సోవియట్ పార్టీ అధినేత గోర్బచేవ్ గద్దెనెక్కిన రెండు నెలలకే వోద్కా మీద యుద్ధం ప్రకటించాడు. మద్యం షాపులు మధ్యాహ్నం 2 దాటితేగానీ తెరవలేదు. ద్రాక్షతోటలు నరికేశారు. జనం తాగుడు మానలేదు. పంచదార, ఈస్టు మోసుకెళ్లి ఇంట్లోనే సామగోన్, అంటే మన భాషలో గుడుంబా, కాచుకున్నారు. దాంతో సర్కారుకు వోద్కా రాబడీ పోయింది, అంగట్లో పంచదారా పోయింది. మరుసటి ఏడు ఖజానాకు రెండో ఆసరా అయిన చమురు ధర కూడా సగానికి పడిపోయింది గానీ ఆ ఘనత పార్టీకి కట్టబెట్టలేం.

అదే 1986లో, మేలో 'కష్టపడకుండా వచ్చే ఆదాయం' మీద దాడులకు ఆజ్ఞ వేశారు. కొన్ని ఊళ్లలో టమాటాలు పండించి అమ్ముకునేవాళ్ల గాజు పందిళ్లు పగలగొట్టారు. నవంబరులో సొంతంగా పని చేసుకుని సంపాదించుకోండని చట్టం చేశారు. పందిరి మళ్లీ వేసుకోవడానికి గాజు ఎక్కడ దొరుకుతుందో చట్టంలో రాయలేదు.

ఇక అసలు వంటకం. 1988 జనవరి 1న ప్రభుత్వ సంస్థల చట్టం అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీకి స్వేచ్ఛ ఇచ్చారు. లాభం మిగిలితే ఉంచుకోవచ్చు, జీతాలు పెంచుకోవచ్చు, డైరెక్టరును కార్మికులే ఎన్నుకోవచ్చు. ముడిసరుకు మాత్రం గోస్‌స్నాబ్, అంటే సరుకులు పంచే సర్కారు సంస్థ, ఇచ్చిందే తీసుకోవాలి. ధర మాత్రం ధరల సంఘం వేసిందే. మంత్రిత్వ శాఖలేమో పాత ప్లానుకే 'గోస్‌జకాజ్', అంటే సర్కారు ఆర్డరు, అని పేరు మార్చి చాలా ఫ్యాక్టరీల ఉత్పత్తిని దాదాపు మొత్తం దాని కిందే రాసేశాయి. దివాలా తీసే భయం ఎటూ లేదు. కార్మికుల ఓట్లతో గెలిచిన డైరెక్టరు అలాంటప్పుడు ఏం చేస్తాడు? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు జీతాలు పెంచుతాడు. చవక చొక్కా మీద మిగిలేదేమీ లేదు కాబట్టి దాన్ని కుట్టడం ఆపేస్తాడు. అదే చొక్కాకు ఇంకో జేబు తగిలించి 'కొత్త సరుకు' ముద్ర వేయిస్తే ఎక్కువ రేటు కట్టుకోవచ్చు. లెక్కల్లో ఉత్పత్తి పెరుగుతుంది, చొక్కాలు తగ్గుతాయి.

నోట్లు మాత్రం ఇంటింటికీ చేరాయి. కొనడానికేమీ లేక, కనిపించింది కనిపించినట్టు కొని దాచారు. 1989 జులైలో సైబీరియా బొగ్గు గనుల ప్రాంతమైన కుజ్‌బాస్‌లోని మెజ్దురెచెన్స్క్‌లో బొగ్గు గని కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల కోర్కెల్లో సబ్బు కూడా ఉంది. గనిలోంచి నల్లగా పైకొచ్చినవాడికి ఒళ్లు కడుక్కోవడానికి సబ్బు బిళ్ల దొరకలేదు.

ఈ నోట్ల వరద ఎక్కడిదో కాస్త వివరంగా చూడాలి. సోవియట్ రూబుల్ ఒకటి కాదు, రెండు. ఒకటి జేబులో ఉండేది, రెండోది బ్యాంకు ఖాతాలో తప్ప ఎక్కడా కనపడనిది. ఫ్యాక్టరీ తన ఖాతా రూబుళ్లతో ఉక్కు కొనవచ్చు. జీతాల పద్దు దాటి నోట్లుగా తీయడానికి మాత్రం వీల్లేదు. ఆ గోడ ఉన్నన్నాళ్లూ ప్లానులో ఎన్ని అబద్ధాలు రాసుకున్నా అవి కాగితం మీదే ఉండేవి. 1988 మే నెల సహకార చట్టం ఆ గోడకు తలుపు పెట్టింది: సహకార సంఘం తన ఖాతా సొమ్మును నోట్లుగా తీసుకోవచ్చు. ఫ్యాక్టరీ ఆవరణలోనే ఒక షెడ్డు వేయండి. సహకార సంఘం అని బోర్డు తగిలించండి. అధ్యక్షుడిగా డైరెక్టరుగారి బావమరిదిని పెట్టండి. సర్కారు ధరకు వచ్చిన లోహం అదే ధరకు షెడ్డులోకి వెళ్తుంది, బజారు ధరకు బయటికొస్తుంది. అంత మోత బరువనుకుంటే షెడ్డుకు మరమ్మతుల కాంట్రాక్టు ఇవ్వండి. ఖాతా రూబుళ్లు లోపలికి, నోట్లు బయటికి. మరమ్మతు జరగనక్కర్లేదు. బినామీ సంగతి మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

సర్కారు ధరకూ బజారు ధరకూ మధ్య అంత సందు లేకపోతే షెడ్డుకు పనే లేదు. మరి ధరెందుకు మార్చలేదు? కిలో మాంసం 2 రూబుళ్లకు అమ్ముతూ, దాని మీద అంతకంటే ఎక్కువే సబ్సిడీ పోసేవారు. రొట్టె ఎంత చవకంటే పందులకు మేపేవారు. విశాలాంధ్ర షాపులో దళసరి అట్టల సోవియట్ పుస్తకాన్ని కాగితం ఖరీదు కూడా రాని వెలకు కొనుక్కున్న మనమూ ఆ సబ్సిడీ తిన్నవాళ్లమే. 1962 జూన్ 1న మాంసం ధర 30 శాతం, వెన్న ధర 25 శాతం పెంచారు. మర్నాడు దక్షిణ రష్యాలోని నోవోచెర్కాస్క్‌లో ఊరేగింపుగా వచ్చిన జనం మీద కాల్పులు జరిగి 26 మంది చనిపోయారు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఏ పొలిట్‌బ్యూరోకూ ఆ అంకె దిద్దడానికి చెయ్యి రాలేదు.

చివరికి ధైర్యం చేసినప్పుడూ పద్ధతిగానే చేశారు. 1990 మే 24న ప్రధాని రిజ్కోవ్ టీవీలో, జులై 1 నుంచి రొట్టె ధర మూడింతలవుతుందని ముందే చెప్పాడు. అయిదు వారాల గడువు! జనం వల సంచులు, అదే 'అవోస్కా'లు, పట్టుకుని పరుగెత్తారు. అవోస్కా అంటే 'ఏమో, దొరకొచ్చు' సంచి. మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతారు, ఎక్కడ ఏం అమ్ముతారో తెలియదుగా. వారం తిరక్కుండా అరలు ఖాళీ. మాస్కోలో స్థానికులమని కాగితం చూపిస్తేనే సరుకు. తర్వాత పార్లమెంటు ఆ పెంపును తిరస్కరించింది. ధర పెరగలేదు, సరుకు మాత్రం పోయింది. ఇంత పొదుపుగా పని చెడగొట్టడం అందరికీ చేతకాదు.

నోట్లు ఎక్కువైతే నోట్లే తీసేద్దామన్నాడు తర్వాతి ప్రధాని పావ్లోవ్. 1991 జనవరి 22 రాత్రి 9 గంటల వార్తల్లో 50, 100 రూబుళ్ల పాత నోట్లు చెల్లవన్నారు. మార్చుకోవడానికి మూడు రోజులు, మనిషికి 1000 రూబుళ్లు. తెలివైనవాళ్లు ఆ రాత్రే స్టేషనుకెళ్లి దూరపు ఊళ్లకు రైలు టికెట్లు కొన్నారు, తర్వాత వాపసు ఇచ్చేయడానికి.

ఏప్రిల్ 2న ధరలు పెంచారు, ఖాళీ అరల మీద. చివరికి ధరలను వదిలేసింది 1992 జనవరి 2న. అప్పటికి ఆ రాజ్యం పోయి వారమైంది. ఆ రోజు కూడా రొట్టె, పాలు, వోద్కా, అగ్గిపెట్టెల ధరలు మాత్రం సర్కారే కట్టింది.