గీత గీయమంటే ఇంత రాద్ధాంతమా?

మ్యాక్సిమా అని లెక్కలు చేసే, గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి. అందులో రెండునీ ఎక్స్‌నీ పక్కపక్కన రాస్తే ఒప్పుకోదు. మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టాలట. సరే, పెట్టాం. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో చివర సెమీకోలన్ మర్చిపోతే? ఉలకదు, పలకదు! π (పై) కావాలంటే దాని ముందు శాతం గుర్తు. మ్యాథమెటికా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కి పోతే చదరపు బ్రాకెట్లు, సైన్‌కి పెద్ద ఎస్. ఊరికో ఆచారం!

అసలు మంట గ్రాఫు దగ్గర. మైనస్ 8 ఘనమూలం మైనస్ 2 అని మా ఒంగోలులో బడిపిల్లాడు కూడా చెప్తాడు. పైథాన్ భాషలో లెక్కలు చేసే సింపైలో ఎక్స్ ఘాతం మూడో వంతు అని ఇచ్చి చూడండి. రుణ సంఖ్యలకి సంకీర్ణ సంఖ్య (కాంప్లెక్స్ నంబర్) చేతిలో పెడుతుంది, దాన్ని మామూలు గ్రాఫులో గీయలేం. లెక్క ప్రకారం తప్పేం కాదట, ఉన్న మూడు ఘనమూలాల్లో అది ప్రధాన మూలమట. మరి గ్రాఫులో ఎడమ సగం ఏమైనట్టు? రియల్ రూట్ అని విడిగా బతిమాలాలి.

టాన్ గీయమంటే 90 డిగ్రీల దగ్గర లేని నిలువు గీత. ఎందుకయ్యా అంటే, అటు చుక్కనీ ఇటు చుక్కనీ కలిపేస్తుందట. ఎవడు కలపమన్నాడు?

ఇక వృత్తం. రెండు ఇరుసులకీ ఒకే స్కేలు పెట్టకపోతే కోడిగుడ్డే. కందుకూరు నుంచి బస్సెక్కి ల్యాబుకొచ్చే పిల్లలు "ఇదేంది సార్, దీర్ఘవృత్తం కదా?" అంటే ఏం చెప్పాలి? ఆ స్కేలు మాటేదో మొదటే అడిగి చావొచ్చుగా!